వేలికొనల చదువు: వర్చువల్ రియాలిటీ, స్పర్శ సాంకేతికత, మన చిన్నపిల్లలు

(సొసైటీ వార్షిక సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 



నేను ఉపన్యాసకురాలిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా చిన్నపిల్లల ముక్కులు తుడుస్తూ, మధ్యమధ్యలో నాలుగు అక్షరాలు చెబుతూ ఉద్యోగం చేసి దిగిపోయినదాన్ని. నన్ను ఈ వేదిక ఎక్కించడానికి ఒక కారణం ఉంది. ఆ కారణం మీలో సగం మందికి తెలుసు. మిగతా సగానికి చెప్పాలి.

కొన్ని నెలల కిందట రియాద్‌లో పనిచేసే మన సోదరుడొకరు సొసైటీకి ఫోన్ చేశారు. పేరు చెప్పవద్దన్నారు కనుక చెప్పను. మన నర్సరీల్లో ఒక వర్చువల్ రియాలిటీ గది పెట్టించడానికి డబ్బు ఇస్తానన్నారు. పది హెడ్‌సెట్లు, చేతికి తొడుక్కుంటే వస్తువును ముట్టుకున్నట్టు అనిపించే తొడుగులు, ఒక పెద్ద తెర. “పెద్ద పెద్ద స్కూళ్ళ పిల్లలకు ఉన్నది మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు?” అని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దాని మీద కార్యవర్గంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. కొందరు వెంటనే తీసుకుందామన్నారు. కొందరు ఇవన్నీ ఆటబొమ్మలు, ఆ డబ్బుతో బాత్రూములు కట్టిద్దామన్నారు. చివరికి అధ్యక్షులవారు నా వైపు తిరిగి, “ఆపా, మీరు ఇంతకాలం చిన్నపిల్లల మధ్య ఉన్నారు, మీరే చదివి చెప్పండి” అన్నారు.

సరే, చదివాను. ఇంజనీరింగ్ చదువుకున్న మా తమ్ముడి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అర్థం కానివి చెప్పించుకున్నాను. మొదట్లో నేనూ “ఇవన్నీ మనకెందుకు” అనే పక్షమే. ఇప్పుడు అలా లేను. అలాగని మొత్తం ఒప్పుకోవడమూ లేదు. ఎందుకో చెబుతాను.

ముందు ఈ వస్తువు ఏమిటో చూద్దాం. మన రెండు కళ్ళూ ఒకే వస్తువును కొద్దిగా వేర్వేరు చోట్ల నుంచి చూస్తాయి. ఆ తేడాను బట్టే ఏది దగ్గర, ఏది దూరం అని మెదడు లెక్క కడుతుంది. హెడ్‌సెట్ చేసేది ఈ లెక్కను మాయ చేయడమే. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపిస్తుంది, తల తిప్పితే బొమ్మనూ తిప్పుతుంది. అప్పుడు మనం గదిలో కాకుండా అడవిలో ఉన్నామని మెదడు ఒప్పుకుంటుంది. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త ఇలాంటి మొదటి యంత్రాల్లో ఒకటి తయారు చేశారు. అది ఎంత బరువంటే తల మోయలేక పైకప్పుకు వేలాడదీయాల్సి వచ్చింది. (చూపు మాట వచ్చింది కనుక, కాంతి వస్తువుల నుంచి కంటికి వస్తుందని వెయ్యేళ్ళ కిందటే వాదించి నిలిపిన బస్రా నగరపు ఇబ్నుల్ హైసమ్ పేరు తలవకపోతే మన సభలో కొందరు పెద్దలు నన్ను కిందికి దిగనివ్వరు. తలచాను.)

ఇక స్పర్శ. ఫోన్ జేబులో గుర్రుమని అదురుతుంది చూశారా, స్పర్శ సాంకేతికతలో అతి చిన్న మెట్టు అది. లోపల ఒక బుల్లి మోటారు ఉంటుంది, అంతే. ఇంకో మెట్టు పైన, కలం లాంటి పుల్లను పట్టుకుంటే తెరలోని గోడకు తగిలినప్పుడు చేతిని వెనక్కి నెట్టే యంత్రాలున్నాయి. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1990లలో తయారైన ఫాంటమ్ అనే పరికరం అలాంటిదే. నున్నటి గాజు తెర మీద వేలు జరుపుతుంటే విద్యుత్ సాయంతో గరుకుగా అనిపించేలా చేసే పద్ధతి ఒకటి 2010లో డిస్నీ పరిశోధకులు చూపించారు. మన దగ్గర మద్రాసు ఐఐటీలో స్పర్శ మీద పనిచేసే ప్రయోగశాల ఉంది. అంటే ఇదంతా పరాయి దేశపు ముచ్చట మాత్రమే కాదు.

అయితే ఒక్క మాట. మన చర్మం కింద స్పర్శను పట్టే గ్రాహకాలు నాలుగు ముఖ్యమైన రకాలున్నాయి. ఒకటి అదురును పట్టుకుంటుంది, ఒకటి నిలకడైన ఒత్తిడిని, ఒకటి జారుడును, ఒకటి చర్మం సాగడాన్ని. చలి, వేడి, నొప్పి వేరే. మన శరీరం వేడినీ స్పర్శనూ ఎలా గుర్తుపడుతుందో కనుక్కున్నందుకే 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్ అనే ఇద్దరికి నోబెల్ బహుమతి ఇచ్చారు. పటపౌటియన్ బేరూత్‌లో పుట్టి, యుద్ధం వల్ల దేశం విడిచి వెళ్ళిన మనిషి. ఇప్పుడు దొరికే మామూలు తొడుగులు వీటిలో ప్రధానంగా అదురును పట్టే రకాన్నే లేపుతాయి. జామకాయ పట్టుకుంటే దాని బరువు, చల్లదనం, గట్టిదనం, తొడిమ దగ్గర గరుకు, వాసన, ఇవన్నీ ఒక్కసారి చేతికి వస్తాయి. తొడుగుకు వచ్చేది “గుర్రు” ఒక్కటే.

ఈ సంగతి మన పెద్దలకు పుస్తకాలు చదవకుండానే తెలుసని నాకనిపిస్తుంది. మన ఇళ్ళల్లో పిల్లకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా చేస్తాం. కొత్త బట్టలు, పూలదండ, పక్కన దాదీ, పెద్దాయన ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టి అక్షరం మీద పెట్టిస్తాడు. అదే వయసులో మన పొరుగిళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకుని బాసరకు వెళ్ళి అక్షరాభ్యాసం చేయిస్తారు. అక్కడా వేలు పట్టే దిద్దిస్తారు. మా చిన్నప్పుడు ఒక పంతులుగారు ఇసుక పోసి దాంట్లో ‘అ’ రాయించేవారు. గట్టిగా నొక్కితే ఇసుక గోళ్ళలో దూరేది. మా అబ్బా వాళ్ళ కాలంలో మక్తబ్‌లో చెక్క తఖ్తీకి మట్టి పూసి, ఆరబెట్టి, రెల్లు కలంతో రాయించేవారట. ఈ పద్ధతులన్నింటిలోనూ అక్షరం ముందు వేలికి తెలుస్తుంది, తర్వాతే కంటికి.

మారియా మాంటిస్సోరి గారు 1907లో రోమ్ నగరంలో పేదల వాడలో తన మొదటి బడి పెట్టారు. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి చెక్క పలకలకు అంటించి, పిల్లల చేత వేళ్ళతో దిద్దించారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ గరుకు అక్షరాలు నిజంగా పనిచేస్తాయా అని ఫ్రాన్స్‌లో కొందరు పరీక్షించారు. 2004లో ఫ్లోరాన్స్ బారా, ఎడ్వార్ జాంటాజ్ తదితరులు ప్రచురించిన అధ్యయనం అది. ఐదేళ్ళ పిల్లల్లో కొందరికి అక్షరాలు చూపించి మాత్రమే నేర్పారు, కొందరి చేత చూపించడంతోపాటు ఎత్తుగా చెక్కిన అక్షరాలను తడిమించారు. తడిమిన పిల్లలు కొత్త పదాలను బాగా చదివారు. 2012లో అమెరికాలో కారిన్ జేమ్స్ అనే ఆమె ఇంకా చదవడం రాని పిల్లల మెదళ్ళను స్కాన్ చేసి చూశారు. చేత్తో రాసి నేర్చుకున్న అక్షరాన్ని మళ్ళీ చూసినప్పుడు చదువుకు పనికొచ్చే మెదడు భాగాలు మేల్కొన్నాయి. కీబోర్డు నొక్కి నేర్చుకున్నప్పుడు అలా జరగలేదు.

కాబట్టి రియాద్ సోదరుడి ఆలోచనలో “స్పర్శ” అన్న సగం నూటికి నూరుపాళ్ళు సరైనది. నాకు భయం ఉన్నది రెండో సగం గురించి, తలకు తొడిగే దాని గురించి.

రెండేళ్ళ కిందట ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు నన్ను వాళ్ళ వీఆర్ క్లాసు చూడమని పిలిచారు. ఏ ఊళ్ళో, ఏ స్కూలు అన్నది అక్కర్లేదు. ఎల్‌కేజీ పిల్లవాడికి హెడ్‌సెట్ కట్టారు. అది వాడి ముక్కు మీదికి జారిపోతుంటే ఆయమ్మ వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుంది. వాడికి ఏనుగును చూపిస్తున్నారు. వాడు మొదట “హాథీ! హాథీ!” అని ఎగిరాడు. తర్వాత చెయ్యి చాచాడు. గాలి తగిలింది. ఇంకా ముందుకు చాచాడు. గాలే. అప్పుడు హెడ్‌సెట్ తీసేసి గది అంతా చూసి, “ఏనుగు ఏదీ?” అని ఏడుపు మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఇంటికి వచ్చాక మాత్రం ఆ చాచిన చెయ్యే గుర్తొచ్చింది. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలు చూసిన దాన్ని నమ్మేది ముట్టుకున్నాకే. మనం చూపు ఇచ్చి చేతిని మోసం చేశాం. మరుసటి ఏడు ఆ పెట్టెలు బీరువాలోకి వెళ్ళాయని తెలిసింది.

ఇక లెక్కలు. పెద్దవాళ్ళ రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. నాలుగేళ్ళ పిల్లకు సుమారు 50. బాగా అమ్ముడైన క్వెస్ట్ 2 అనే హెడ్‌సెట్‌లో అద్దాలను ఎంత దగ్గరికి జరిపినా 58 దగ్గర ఆగిపోతాయి. అంటే ఆ పిల్ల రెండు అద్దాల మధ్యలోంచి సరిగ్గా చూడలేదు. దాని బరువు సుమారు 500 గ్రాములు. 16 కిలోల పిల్ల తల మీద అర కిలో అంటే, 64 కిలోలున్న మనిషి తలకు ముందువైపు రెండు కిలోల బియ్యం సంచి కట్టినట్టు. ఇంకోటి, నిజమైన ప్రపంచంలో దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, కంటి కటకం కూడా సర్దుకుంటుంది. హెడ్‌సెట్‌లో కళ్ళు తిరుగుతాయి గానీ తెర ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది కనుక కటకం సర్దుకోవాల్సిన పని ఉండదు. పెద్దవాళ్ళకే తలనొప్పి, వికారం వచ్చేది అందుకే. చూపు ఇంకా కుదురుకుంటున్న వయసులో ఈ గందరగోళం ఎందుకు పెట్టాలి?

తయారుచేసినవాళ్ళే ఏమంటున్నారో చూడండి. మెటా కంపెనీ మొదట 13 ఏళ్ళు నిండితేనే అంది. 2023లో తల్లిదండ్రుల అదుపులో అయితే పదేళ్ళకు దించింది. సోనీవాళ్ళు తమ ప్లేస్టేషన్ హెడ్‌సెట్‌కు 12 ఏళ్ళు అన్నారు. అమ్ముకునేవాడే పదేళ్ళ లోపు వద్దంటుంటే మనం నాలుగేళ్ళ పిల్లకు కడితే, రేపు ఏదైనా జరిగితే ఆ తల్లికి ఏం జవాబు చెబుతాం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం తర్వాత, ఐదేళ్ళ లోపు పిల్లలకు ఏ తెర అయినా రోజుకు గంట దాటకూడదని చెప్పాయి. ఆ గంట ఇంట్లో ఫోన్‌తోనే ఎప్పుడో అయిపోతోంది, మీకూ తెలుసు, నాకూ తెలుసు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2009లో సెగోవియా, బైలెన్సన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పిల్లలకు వాళ్ళు తిమింగలాలతో ఈత కొడుతున్నట్టు వీఆర్‌లో చూపించారు. కొద్ది రోజుల తర్వాత అడిగితే, ప్రాథమిక తరగతుల పిల్లల్లో చాలామంది అది నిజంగానే జరిగిందన్నారు. నర్సరీ వయసు పిల్లల సంగతి ఇంకా విచిత్రం. వాళ్ళకు హెడ్‌సెట్ కూడా అక్కర్లేదు, మాటల్లో చెప్పినా దాదాపు అంతే నమ్మారు. అంటే ఆ వయసులో కలకూ నిజానికీ మధ్య గోడ ఇంకా కట్టలేదు. ఆ గోడ కట్టుకునేది చేతులతో.

ఇప్పుడు మన ఇళ్ళలోని సంగతి ఒకటి చెబుతాను. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వైపు గల్ఫ్‌కు వెళ్ళిన నాన్నలున్న ఇళ్ళు ఎన్నో. మన నర్సరీలోనూ అలాంటి పిల్లలున్నారు. ఒక పిల్ల రోజూ సాయంత్రం అబ్బాతో వీడియో కాల్ మాట్లాడుతుంది. మాటలన్నీ అయ్యాక ఫోన్‌ను చెంపకు ఆనించుకుంటుంది. ఫోన్ వేడెక్కి ఉంటుంది కదా, “అబ్బాకు జ్వరం వచ్చింది” అందట ఒకసారి వాళ్ళ అమ్మీతో. ఆ తల్లి నాకు చెబుతూ నవ్వింది, తర్వాత నవ్వలేదు. మరి తెరలన్నీ చెడ్డవేనా అంటే, కాదు. 2014లో రోజ్‌బెరీ, హర్ష్‌పాసెక్, గోలింకాఫ్ అనే పరిశోధకులు రెండేళ్ళ పైబడిన పిల్లల మీద చేసిన అధ్యయనంలో, ముందే తీసిపెట్టిన వీడియోలో చెబితే పిల్లలు కొత్త మాటలు నేర్చుకోలేదు. అదే మనిషి వీడియో కాల్‌లో పిల్ల వైపు చూస్తూ, పిల్ల జవాబు కోసం ఆగుతూ చెబితే, ఎదురుగా కూర్చుని చెప్పినంత బాగా నేర్చుకున్నారు. తెరకు అటువైపు మనిషి ఉండాలి, ఆ మనిషి ఆగి వినాలి. రియాద్‌లోనూ దుబాయ్‌లోనూ ఉన్న నాన్నలకు నా మనవి: వీడియో కాల్‌లో “తిన్నావా, చదివావా” అని పరీక్ష పెట్టకండి. ఒక కథ చెప్పండి, మధ్యలో ఆపి “తర్వాత ఏమైంది?” అని అడగండి. దానికి ఏ హెడ్‌సెట్టూ కొననక్కర్లేదు.

ఆదిలాబాద్ గురించి వేరుగా చెప్పాలి. పాత ఉమ్మడి జిల్లా 2016లో నాలుగు ముక్కలైంది గానీ భాషలు ముక్కలు కాలేదు. అక్కడి మన నర్సరీ గదిలో ఇంట్లో దక్నీ ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, తెలుగు పిల్లలు, మరాఠీ పిల్లలు, లంబాడా పిల్లలు, గోండు పిల్లలు ఉన్నారు. ఇటీవల కొలామీ మాట్లాడే ఇద్దరు చేరారు. మార్కెట్లో దొరికే వీఆర్ పాఠాల్లో అత్యధికం ఇంగ్లీషులో ఉంటాయి, కొన్ని హిందీలో. కొలామీ పిల్లకు ఇంగ్లీషులో మాట్లాడే సింహం ఏం నేర్పుతుంది? 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు పునాది దశ అంది, చదువు వీలైనంతవరకు ఇంటి భాషలో సాగాలంది. మనం ఇంగ్లీషు రైమ్స్ కోసం తొందరపడుతున్నాం.

మన ఆదిలాబాద్‌లోనే దీనికి పాత పాఠం ఒకటుంది. నిజాం ప్రభుత్వ కాలంలో, 1943లో, హైమెండార్ఫ్ గారు మార్లవాయిలో గోండుల విద్య మొదలుపెట్టారు. ఆయన ముందు బడులు కట్టలేదు. గోండు యువకులను పోగుచేసి వాళ్ళకు టీచరు శిక్షణ ఇచ్చారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారు చేయించారు. ముందు మనిషి, తర్వాత ఆ మనిషి చేతికి పిల్ల భాషలో పుస్తకం, ఆ తర్వాత బడి. ఆయన భార్య బెట్టీ గారి సమాధి మార్లవాయిలోనే ఉంది, వెళ్ళినప్పుడు చూడండి. గుంజాలలో దొరికిన గోండి లిపి కూడా 2018లో యూనికోడ్‌లో చేరింది. మన టీచర్లు ఆ పిల్లల నానమ్మల చేత కథలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేస్తే, అదే పెద్ద సాంకేతికత.

ఇంకో జాగ్రత్త. 2014లో గూగుల్ అట్టపెట్టె హెడ్‌సెట్లు తెచ్చింది. తర్వాత బడుల కోసం ఎక్స్‌పెడిషన్స్ అని ఒక యాప్ పెట్టింది. చాలా దేశాల్లో టీచర్లు మోజుగా వాడారు. 2021లో ఆ యాప్‌ను మూసేసింది. అట్టపెట్టెలు మిగిలాయి, పాఠాలు పోయాయి. ఇసుక కంపెనీ ఎవరూ మూసేయలేరు.

ఇంతవరకు విన్నవాళ్ళు ఆపా మొత్తానికి వద్దనే చెబుతుందని అనుకుంటూ ఉండొచ్చు. అక్కడే నా మనసు మారింది.

మన నర్సరీకి వచ్చే పిల్లల్లో చూపు బాగా తక్కువున్న పిల్లవాడు ఒకడున్నాడు. చేతులు బిగుసుకుపోయే సెరెబ్రల్ పాల్సీ ఉన్న ఆడపిల్ల ఒకతె ఉంది. ఇలాంటి పిల్లలకు స్పర్శ సాంకేతికత విలాసం కాదు. తాకితే మాట పలికే పలకలు, నొక్కితే అదిరే పెద్ద బటన్లు, ఎత్తు బొమ్మల పుస్తకాలు, చుక్కలు పైకి లేచే బ్రెయిలీ తెరలు, ఇవి వాళ్ళకు కిటికీలు. ఆ ఆడపిల్ల పెద్ద బటన్‌ను మోచేత్తో నొక్కి “పానీ” అనిపించిన రోజు మా టీచరు ఏడ్చేసింది. అప్పటిదాకా ఆ పిల్లకు దాహమైతే ఏడుపొక్కటే దారి. మండలాల్లో ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి, వాళ్ళ ఫిజియోథెరపిస్టులతో మాట్లాడి ఏ పిల్లకు ఏది కావాలో రాయించుకోవాలి. చూపు సంగతికి ముధోల్‌లో 1996 నుంచి ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థవారి ఆసుపత్రి ఉంది. ముందు పిల్లలందరి కళ్ళూ పరీక్ష చేయిద్దాం. కళ్ళజోడు అవసరమైన పిల్లకు వీఆర్ జోడు కట్టడం కంటే సిగ్గు మరొకటి ఉండదు.

అసలు వీఆర్ బాగా పనిచేసిన చోట్లను చూస్తే కూడా ఇదే అర్థమవుతుంది. అమెరికాలో హంటర్ హాఫ్‌మన్ అనే ఆయన కాలిన గాయాలకు కట్టు మార్చేటప్పుడు రోగులకు మంచులోకం చూపించారు, నొప్పి మీద ధ్యాస తగ్గింది. విమానం నడిపేవాళ్ళు, ఆపరేషన్లు చేసే డాక్టర్లు దీంతో సాధన చేస్తారు. ఎక్కడ నిజంగా చేస్తే ప్రమాదమో, ఎక్కడ నిజానికి దూరం జరగడమే మేలో, అక్కడ వీఆర్ గెలిచింది. నాలుగేళ్ళ పిల్లకు మట్టి ముట్టుకోవడం ప్రమాదం కాదు కదా. కుంటాల జలపాతాన్ని తలకు కట్టి చూపించనక్కర్లేదు, బస్సు మాట్లాడుకుని వెళ్ళొచ్చు. కరీంనగర్ పిల్లలకు మానేరు డ్యామ్ ఎంత దూరం?

కానీ మన టీచర్లకు? ఇంటర్ చదివి, మూడు వారాల శిక్షణతో పాతికమంది పిల్లల ముందు నిలబడుతున్న అమ్మాయిలు వీళ్ళు. ఒక మంచి నర్సరీ గది ఎలా ఉంటుందో వీళ్ళలో చాలామంది చూడలేదు. ఒక పిల్ల మరో పిల్లను కొరికినప్పుడు గొంతు పెంచకుండా ఏం చేయాలి, మూర్ఛ వచ్చిన పిల్లను ఎలా పడుకోబెట్టాలి, ఇవి పుస్తకంలో చదివితే రావు. హెడ్‌సెట్ పెట్టుకుని ఆ గదిలో తామే నిలబడి నాలుగుసార్లు సాధన చేస్తే వస్తాయి. పెద్దవాళ్ళ తలలు, పెద్దవాళ్ళ కళ్ళు. ఇంకా చెప్పాలంటే, నాలుగేళ్ళ పిల్ల ఎత్తు నుంచి మన గదిని తీసి టీచర్లకు చూపించాలని నా కోరిక. బ్లాక్‌బోర్డు ఎంత పైన ఉందో, బకెట్ అంచు ఎంత ఎత్తో, మనం వంగి అరిస్తే మన ముఖం ఎలా కనిపిస్తుందో ఒక్కసారి చూస్తే చాలు.

బీడీలు చేసే తల్లులు కొందరు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళ పిల్లలు తునికాకు కత్తిరింపుల పక్కనే పెరుగుతారు. ఆకు పదునుగా ఉందో నానిందో మూడేళ్ళ పిల్ల వేలితో చెప్పేస్తుంది. ఆ వేలు ఎంత తెలివైనదో చూడండి. పొగాకు దుమ్ములోంచి ఆ పిల్లను రోజుకు ఆరు గంటలు బయటికి తీసుకురావడమే మన నర్సరీ చేసే మొదటి మేలు. అందుకే బాత్రూముల గురించి అడిగిన అన్నగారి మాటను తీసేయలేను.

ఇప్పుడు నా సలహా చెబుతాను, నిర్ణయం కార్యవర్గానిది. ఈ డబ్బు జకాత్ కాదు, లిల్లాహ్ అని దాతగారు స్పష్టంగా చెప్పారు, కనుక ఖర్చు విషయంలో వెసులుబాటు ఉంది. అయినా అమానతే. పది హెడ్‌సెట్లు వద్దు, రెండు చాలు, అవీ టీచర్ల శిక్షణకు. పిల్లల గదిలోకి అవి రాకూడదని రాసుకుందాం. తొడుగుల డబ్బును ప్రత్యేక అవసరాల పిల్లలకు కావలసిన స్పర్శ పరికరాలకు మళ్ళిద్దాం. తెర బదులు ఒక ప్రొజెక్టర్ కొని నేల మీద చేపల చెరువు వేద్దాం. పిల్లలు కలిసి, కాళ్ళతో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ దాని మీద గంతులు వేస్తారు. అది కూడా వారానికి రెండుసార్లు, పావుగంట. మిగిలినదానితో ఇసుక తొట్లు, గరుకు అక్షరాలు తెలుగులోనూ ఉర్దూలోనూ, ఇంకా నిర్మల్ బొమ్మలు.

నిర్మల్ బొమ్మల గురించి ఒక్క నిమిషం. మన పాత జిల్లా వస్తువు అది. మెత్తని పొనికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి అతికిస్తారు. పండ్లు, కూరగాయలు, జంతువులు అచ్చం నిజమైన వాటిలా ఉంటాయి. అవి షోకేసుల్లో పెట్టుకోవడానికే అలవాటైపోయాయి. చిన్నపిల్ల నోట్లో పెట్టుకుంటుంది కనుక సీసం లేని రంగులతో, మొనలు లేకుండా, చిన్న ముక్కలు ఊడిపోకుండా చేసి ఇవ్వగలరా అని కళాకారులను అడిగాను. చేస్తామన్నారు, ధర కొంచెం ఎక్కువవుతుందన్నారు. ఒక్క హెడ్‌సెట్ ధరతో ఒక గదికి సరిపడా బొమ్మలొస్తాయని నా అంచనా.

రియాద్ సోదరుడితో మొన్న ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నేను కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత, “ఆపా, మా పిల్ల కూడా మీ నర్సరీకే వస్తుంది. నేను ఇచ్చే గదిలో తను ఆడుకుంటే చూడాలనుంది, అంతే” అన్నారు. ప్రొజెక్టర్ పెట్టిన రోజు వీడియో కాల్ చేస్తామని మాట ఇచ్చాను. ఆ బాధ్యత మన కరీంనగర్ టీచర్లది, మరచిపోవద్దు.

కార్యవర్గ సమావేశం అస్ర్ నమాజ్ తర్వాత పక్క హాల్లో ఉంటుంది. నమూనాగా తెచ్చిన బొమ్మలు, రెండు గరుకు అక్షరాల పలకలు, కాసేపటికి అరువు తెచ్చిన ఒక హెడ్‌సెట్ ఆ బల్ల మీద ఉన్నాయి. పెద్దలు మూడింటినీ పట్టుకుని చూడండి, హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్ళు మాత్రం కూర్చుని పెట్టుకోండి. పిల్లలు మొదటి రెండూ ఎంతసేపైనా ముట్టుకోవచ్చు. మామిడిపండు బొమ్మను ఇప్పటికే ఎవరో కొరికారు.